సగమే గట్టిపడిన వంతెన

కాంక్రీటు ఎలా గట్టిపడుతుందో మీకు కాలేజీలో చెప్పే ఉంటారు. ఒక్కోసారి ఎందుకు గట్టిపడకుండా మొండికేస్తుందో మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు. ఆ పాఠం నాకు నిడదవోలు అవతల ఒక కాలువ గట్టు మీద, కారేజీ విప్పుకుని అన్నం తింటుండగా దొరికింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు కనిపిస్తే ఈ సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోతుంటుంది. ఆగడానికి ఒక కారణం ఉంది. అదీ చెబుతాను, తొందరపడకండి.

రాజమండ్రిలో రోడ్లకూ వంతెనలకూ వాడే సామాను పరీక్షించే లాబొరేటరీలో అప్పట్లో నేను అసిస్టెంట్ ఇంజనీరుని. లాబొరేటరీ అంటే తెల్లకోట్లూ గాజుగొట్టాలూ ఊహించుకోకండి. పొడవాటి రేకుల షెడ్డు, ఒక మూల తారు కాచే పొయ్యి, ఇంకో మూల జల్లెళ్ళు, మధ్యలో సిమెంటు దిమ్మల్ని నొక్కి పగలగొట్టే మెషీను. కంకర వస్తే డ్రమ్ములో దొర్లించి అరగదీసేవాళ్ళం, ఇసుక వస్తే జల్లించేవాళ్ళం, దిమ్మలొస్తే పగిలేదాకా నొక్కేవాళ్ళం. మా చేతికొచ్చిన వస్తువేదీ క్షేమంగా తిరిగి వెళ్ళేది కాదు. "పగలగొడితే జీతమిచ్చే ఉద్యోగం మా అమ్మాయిది" అని మా అమ్మ చుట్టుపక్కల వాళ్ళకి గర్వంగానే చెప్పుకునేది.

నాకో అలవాటుంది. ఏ రిజల్టు వచ్చినా "ఎందుకలా?" అని అడగకుండా ఉండలేను. మా పై ఆఫీసరు ఈఈ గారికి అది గిట్టేది కాదు. ఆయన మంచి ఇంజనీరే, కాకపోతే పాసా ఫెయిలా తేలితే ఆయనకి చాలు. "అమ్మా, ఎందుకో కనుక్కోవడానికి యూనివర్సిటీలున్నాయి. మనకి ఔనా కాదా, అంతే కావాలి" అనేవారు. మా లాబ్ అటెండరు గారిది ఇంకో తీరు. దిమ్మని వేలికణుపులతో టకటకా కొట్టి, చెవి ఆనించి విని, అది ఎంత బరువుకి పగులుతుందో ముందే చెప్పేసేవారు. ఒక్కసారీ నిజం కాలేదు. ఆయన నమ్మకం కూడా ఒక్కసారీ సడలలేదు.

తొంభైల చివర్లో ఒక ఎండాకాలం, కాలువలు కట్టేసిన రోజులు. డెల్టాలో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కాలువల్లో నీళ్ళు ఆపే ఆ కొద్ది వారాల్లోనే వంతెనైనా తూమైనా కట్టుకోవాలి. మళ్ళీ నీళ్ళు వదిలారంటే వచ్చే ఎండాకాలందాకా చేతులు ముడుచుకు కూర్చోవాల్సిందే.

నేను చెప్పే వంతెన చిన్నది. కాలువకి ఇటు రైతుల ఊరు, అటు ఆ రైతుల పొలాల్లో పనిచేసేవాళ్ళ పేట, పేటలో ఒక చిన్న చర్చి. బడీ, బస్సూ, రేషన్ షాపూ, చివరికి పేటవాళ్ళ సమాధుల దొడ్డీ ఊరి వైపే ఉన్నాయి. నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు తాటి దుంగల మీద, నిండుగా ఉన్నప్పుడు దోనె మీద దాటేవాళ్ళు. ఎన్నో ఏళ్ళు అర్జీలు పెట్టుకోగా పెట్టుకోగా వంతెన శాంక్షనైంది. కాలువ మధ్యలో ఒక స్తంభం, దానికి అటొక శ్లాబు, ఇటొక శ్లాబు.

కాంక్రీటు పోసే రోజు నేనూ అటెండరు గారూ పొద్దున్నే వెళ్ళాం. పేట పేటంతా గట్టు మీదే ఉంది. కాలువలో నీళ్ళు లేవు కనుక ఊరి వైపు పనికి ఊళ్ళో బోరు నీళ్ళు పట్టుకున్నారు. పేట వైపు పనికి మాత్రం నీళ్ళు మేమే మోస్తామని పేట ఆడవాళ్ళు తమ నూతి నుంచి బిందెలతో తెచ్చి ఒక పెద్ద డ్రమ్ము నింపుతున్నారు. ఆ డ్రమ్ము పక్కన ముక్కాలిపీట వేసుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. తెల్ల మీసాలు, భుజాన తుండు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల లాకులూ తూములూ సున్నంతో కట్టిన పెద్ద మేస్త్రి అని, చూపు మందగించి పని మానేశారని చెప్పారు.

"ఈ డ్రమ్ము నా డ్యూటీ అండి అమ్మగారూ. ఆకు పడనివ్వను, పురుగు పడనివ్వను" అన్నారాయన నాతో.

"అలాగే చూడండి మేస్త్రి గారూ, శుభ్రమైన నీళ్ళే కదా కావాల్సింది" అన్నాను.

మొదట ఊరి వైపు శ్లాబు పోశారు. మేము దగ్గరుండి ఆ కాంక్రీటుతో పరీక్షకి దిమ్మలు పోసుకున్నాం. మధ్యాహ్నం కాంక్రీటు కలిపే మిల్లర్‌ని పేట గట్టుకి మార్చుకున్నారు. మాకు వేరే రోడ్డు పని చూడాల్సి ఉండి జీపెక్కి వచ్చేశాం. పేట వైపు దిమ్మలు కాంట్రాక్టరు మనుషులు పోసి పంపేలా ఏర్పాటు.

అవి పంపాల్సిన రోజున కాంట్రాక్టరే స్వయంగా వచ్చాడు. దిమ్మలు ఇంకా ఇనప అచ్చుల్లోనే ఉన్నాయి. అతని మొహం పాలిపోయి ఉంది.

"అచ్చు విప్పితే కూలిపోతన్నాయండి" అన్నాడు.

అటెండరు గారు అలవాటుగా వేలు మడిచి దిమ్మ మీద కొట్టారు. కణుపు దిగబడింది. సర్వీసులో మొదటిసారి ఆయన ఏమీ చెప్పలేకపోయారు. మేము పోసుకొచ్చిన ఊరి వైపు దిమ్మలు మాత్రం పక్కనే తొట్లో రాళ్ళలా కూర్చుని ఉన్నాయి.

మర్నాడు నేను వెళ్ళేసరికి గట్టు మీద జనం. ఊరి వైపు శ్లాబు మీద నడిస్తే ఖంగుమంటోంది. పేట వైపు శ్లాబు ముట్టుకుంటే చల్లగా, చెమ్మగా, దిబ్బరొట్టె పిండిలా ఉంది. సెంట్రింగు పలకలు మోస్తున్నాయి కనుక నిలబడి ఉంది గానీ తనంతట తాను నిలబడే స్థితిలో లేదు. ఆ రోజు బిందెలు మోసినవాళ్ళలో ఒకావిడ నా ముందుకొచ్చింది. నడివయసు మనిషి, గొంతు కంచు.

"ఊరి వైపు గునపం దిగట్లేదు, మా వైపు గోరు దిగిపోతంది. ఇదేం న్యాయమండి మేడం గారూ? మా కాడికొచ్చేసరికి సిమెంటు తగ్గించేశారు. అంతేనా కాదా?"

"ఒకే లారీలో వచ్చిన సిమెంటండి. నా పిల్లల మీద ఒట్టండి" అన్నాడు కాంట్రాక్టరు.

"ఆ పిల్లల్నే ఈ వంతెన మీద నడిపించు, చూద్దాం" అందావిడ.

ఆవిడ అనుమానంలో అన్యాయమేమీ లేదు. పేట వైపుకొచ్చేసరికి వీధి దీపం దగ్గర్నుంచి మంచినీళ్ళ పైపుదాకా ఏదో ఒకటి తగ్గడం వాళ్ళు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. నాక్కూడా మొదట అదే అనుమానం వచ్చింది. నేరుగా సిమెంటు గోదాం తాళం తీయించి, మిగిలిన బస్తాల్లోంచి తీసుకెళ్ళి పరీక్ష చేశాను. సిమెంటు బంగారంలా ఉంది. పచ్చి కాంక్రీటు కొంచెం తీసి నీళ్ళతో కడిగి చూస్తే సిమెంటు పాళ్ళూ తక్కువ లేవు. కాంట్రాక్టరు దొంగ కాదని నాకు తేలింది గానీ, కారణం చెప్పకుండా ఆ మాట పేటవాళ్ళకి చెబితే నన్నూ అతని జేబులో మనిషే అంటారు.

తర్వాత నూతి నీళ్ళ మీద పడ్డాను. ఉప్పు నీళ్ళేమో, కుళ్ళు నీళ్ళేమో అనుకున్నాను. ఆ నీళ్ళతో సిమెంటు కలిపి చూస్తే టైముకి ఠంచనుగా బిగుసుకుంది. ఇసుక చూశాను. కంకర చూశాను. అన్నీ నిర్దోషులే. పాపం, ఒక్కోదాన్నీ అనుమానించి ఒక్కోదానికీ లోలోపల క్షమాపణ చెప్పుకున్నాను. ఇలాంటప్పుడు నాకు ఆకలి వేయదు, నిద్ర పట్టదు, ఎదుటివాళ్ళ మాట చెవికెక్కదు. మా ఆయన నా మొహం చూసి "మళ్ళీ ఏదో పగలట్లేదా?" అని అడిగారు.

"ఈసారి అతకట్లేదండి" అన్నాను.

ఈఈ గారు పిలిపించారు. "అమ్మా, శ్లాబు ఫెయిల్. పగలగొట్టమని రాసేద్దాం" అన్నారు. ఆ మాట తేలిక, దాని వెనకున్నది తేలిక కాదు. పగలగొట్టడం మొదలైతే ఆ ఖర్చు నేనెందుకు పెట్టుకోవాలని కాంట్రాక్టరు కోర్టుకెక్కుతాడు. పని ఆగుతుంది. కాలువకి నీళ్ళొస్తాయి. కోర్టు తేల్చేదాకా ఊరి వైపు నుంచి బయల్దేరి కాలువ మధ్యలో ఆగిపోయిన సగం వంతెనని చూసుకుంటూ పేటవాళ్ళు పక్కనుంచి దోనె మీద దాటాలి. అలాంటి మొండి వంతెనలు మన జిల్లాల్లో నేను చూశాను. మీరూ చూసే ఉంటారు.

"ఒక్కసారి మళ్ళీ వెళ్ళొస్తానండి" అని బతిమాలుకున్నాను.

ఆ వెళ్ళిన రోజే కారేజీ సంగతి. మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తుంటే పేట గట్టు మీద, ఆ నీళ్ళ డ్రమ్ము నీడలో కూర్చుని నేనూ అటెండరు గారూ అన్నాలు తింటున్నాం. నల్ల చీమల బారు ఒకటి మా వైపు వస్తోంది.

"కారేజీ ఎత్తి పట్టుకోండి మేడం, వాసన పట్టేశాయి" అన్నారాయన.

ఎత్తాను. నా గిన్నెలో ఆ రోజు పరమాన్నం కూడా ఉంది. చీమలు మాత్రం దాని కేసి తలైనా తిప్పలేదు. మమ్మల్ని దాటుకుని తిన్నగా డ్రమ్ము ఎక్కుతున్నాయి. ఖాళీ డ్రమ్ము. నీళ్ళ డ్రమ్ము. అందులో చీమలకేం పని? పరమాన్నం వదిలేసి వెళ్ళేంత పని?

లేచి లోపలికి తొంగి చూశాను. నీళ్ళు ఎండిపోయి, అడుగున అంచు చుట్టూ ముదురు రంగు గార కట్టి ఉంది. చీమలన్నీ దాని మీదే ఉన్నాయి. తుప్పనుకుని వేలితో గీకాను. జిగురు తగిలింది. ఇక ఆగలేకపోయాను, వేలు నాలిక మీద పెట్టుకున్నాను.

"అయ్యబాబోయ్, ఏంటి మేడం గారూ అది!" అని అటెండరు గారు కేకేశారు.

"బెల్లం" అన్నాను.

చదువుకున్న రోజుల్లో పుస్తకంలో ఎక్కడో ఒక మూల చిన్న వాక్యం చదివాను. పంచదార ఏ కొంచెం తగిలినా సిమెంటు బిగుసుకోవడం ఆలస్యమవుతుందని. పరీక్షల్లో అడగరు కనుక ఎవరూ పట్టించుకోని వాక్యం అది. ఇప్పుడు ఆ వాక్యం డ్రమ్ము అడుగున కూర్చుని నన్ను చూస్తోంది. అయితే బెల్లం తనంతట తాను నడిచి రాదు కదా. దాన్ని ఎవరు, ఎందుకు వేశారు? సున్నపు పనుల గురించి విన్నది గుర్తొచ్చి, మేస్త్రి గారింటి వైపు నడిచాను.

మేస్త్రి గారు ఇంటి అరుగు మీద ఉన్నారు. పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. "మేస్త్రి గారూ, మీ రోజుల్లో సున్నంలో ఏం కలిపేవారండి?"

ఆయన మొహం వెలిగిపోయింది. "కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ అమ్మా. గానుగలో తిప్పుతా తిప్పుతా పోసేవోళ్ళం. మేం కట్టిన తూముల మీద ఇప్పటికీ గునపం వేస్తే నిప్పులు రాలతాయి. బెల్లం పడిందంటే రాయితో సమానం."

"మరి సిమెంటులోనో?"

"సిమెంటైనా అంతే కదమ్మా. ఈళ్ళకి తెలీదు, అడిగితే నవ్వుతారు. అందుకే..." అని ఆగిపోయారు. నా గొంతులో ఏం వినపడిందో గానీ ఆయన మొహంలో వెలుగు నెమ్మదిగా తగ్గిపోయింది.

"అందుకే డ్రమ్ము నిండినప్పుడల్లా అచ్చు బెల్లం వేశారు" అన్నాను.

"ఆయ్. మా వైపు ఇంకా గట్టిగా ఉంటాదని ఏశానమ్మా." కొంచెంసేపు తుండు అంచు నలుపుకున్నారు. "అందుకేనా?"

అందుకేనని చెప్పాను. సున్నానికి మేలు చేసే బెల్లమే సిమెంటుకి గిట్టదని చెప్పాను. అంత కష్టమైన మాట నేను సర్వీసులో ఇంకెవరికీ చెప్పలేదు. ఆయన వాదించలేదు. తన భార్య పోయిన రోజు సంగతి చెప్పుకొచ్చారు.

"మా ఇంటిది పోయినప్పుడు కాలవ నిండుగా ఉందమ్మా. పెట్టెని దోనె మీద పెట్టి దాటిత్తన్నాం. నడి కాలవలో దోనె ఒరిగింది. పెట్టె జారిపోకుండా నేను నీళ్ళలోకి దూకి పట్టుకున్నాను. దానికి బతికున్నన్నాళ్ళూ నీళ్ళంటే బయ్యం. దోనె ఎక్కితే నా చెయ్యి వదిలేది కాదు. అట్టాంటి మనిషి పెట్టె సగం తడిసిపోయిందమ్మా. ఆ రోజే అనుకున్నాను, నన్నన్నా మనుషులు బుజాల మీద, నేల మీద నడిపించుకెళ్ళాలని. వంతెన అనగానే నాకున్న విద్యంతా దాన్లో పోసేద్దావనుకున్నాను." తర్వాత అడిగారు: "పగలగొట్టేత్తారా?"

"తెలీదండి" అన్నాను. నిజంగానే నాకు తెలియదు.

రాజమండ్రి వచ్చి ఈఈ గారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "డ్రమ్ము నాకి కారణం కనిపెట్టిన ఇంజనీర్ని ఇప్పుడే చూస్తున్నానమ్మా" అన్నారు. తర్వాత అసలు ప్రశ్న అడిగారు. "ఆలస్యంగా బిగుస్తుంది సరే. అసలు బిగుస్తుందని గ్యారంటీ ఏంటి?"

"గ్యారంటీ లేదండి. మోతాదు మించితే ఎప్పటికీ బిగియకపోవచ్చు కూడా. కానీ సెంట్రింగు కదపకుండా ఆగి, నీళ్ళు వదిలేలోపు బరువు పెట్టి చూద్దామండి. నిలబడితే నిలబడినట్టు. లేకపోతే అప్పుడే పగలగొడదాం."

"అప్పుడు పగలగొడితే ఇన్నాళ్ళు ఎందుకు ఆగారని నన్నూ నిన్నూ అడుగుతారు."

"అడుగుతారండి."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "బెల్లం ఎవరు పోశారో కూడా రాయాలి కదా?"

"నీళ్ళలో తీపి పదార్థం కలిసిందని రాస్తానండి. ఎవరు కలిపారన్నది మన మెషీన్లలో తేలదు కదండీ."

ఈఈ గారు నవ్వారో లేదో ఖచ్చితంగా చెప్పలేను గానీ, "సరే, ఆగుదాం" అన్నారు.

ఆ రోజుల్లో నాకున్నంత కుతూహలం పెళ్ళిచూపుల రోజున కూడా లేదు. మేస్త్రి గారింటి బెల్లమే తెచ్చి, అదే సిమెంటుతో లాబ్‌లో దిమ్మలు పోశాను. రోజూ పొద్దున్న రాగానే సంచి కూడా దించకుండా వెళ్ళి గోరుతో నొక్కేదాన్ని. దిగేది. మర్నాడూ దిగేది. దిమ్మలు కాదు, నా ఉద్యోగం మెత్తగా అయిపోతోందనిపించేది. ఒకరోజు నొక్కితే గోరు విరిగింది. షెడ్డంతా వినపడేలా అరిచాను. అటెండరు గారు పరిగెత్తుకొచ్చి, దిమ్మని కొట్టి, చెవి పెట్టి విని, "పాసండి" అని తీర్పిచ్చేశారు. ఆయన తీర్పు ఎప్పుడూ తప్పే కనుక నాకు మళ్ళీ భయం పట్టుకుంది.

కాలువ మీద శ్లాబు కూడా దాదాపు అప్పుడే బిగియడం మొదలుపెట్టింది. నేను వెళ్ళిన ప్రతిసారీ దాని మీద తడి గడ్డి కప్పి ఉండేది. కాంట్రాక్టరు మనుషులు చేస్తున్నారనుకున్నాను. చూస్తే మేస్త్రి గారు. ఆ చూపుతోనే నూతి నుంచి చిన్న బిందెతో నీళ్ళు తెచ్చి, తడుముకుంటూ మూల మూలకీ పోస్తున్నారు. పేటలో ఎవరితోనూ మాట్లాడటం లేదట. ముసలాయనకి వంతెన మీద మనసు చెదిరిందని వాళ్ళు అనుకుంటున్నారు.

బరువు పెట్టే రోజు వచ్చింది. శ్లాబుని మోస్తున్న సెంట్రింగుని ముందే విప్పించి, శ్లాబుకి కాస్త కిందగా మాత్రం ఊతలు ఉంచాం. శ్లాబు విరిగినా వాటి మీదే ఆగుతుంది. మామూలుగా ఇసుక బస్తాలు పేరుస్తారు. అన్ని గోనెలు ఆ టైములో దొరకలేదు. ఊళ్ళో రెండో పంట దాళ్వా ధాన్యం కళ్ళాల్లోంచి ఇంకా మిల్లుకి వెళ్ళలేదు. ఆ బస్తాలిమ్మని ఒక పెద్ద రైతుని అడిగాం.

"శ్లాబు కూలితే నా ధాన్యం బురదపాలేనా అండీ?" అన్నాడాయన. కాసేపు లెక్క వేసుకుని, "సర్లెండి. వంతెన లేకపోతే నాట్లకి మా కూలోళ్ళు దోనె కోసం కూర్చుంటన్నారు. అదీ నాకే నష్టం" అని ఒప్పుకున్నాడు.

బస్తాలు వచ్చాయి, మోయడానికి పేట మగవాళ్ళు కదలలేదు. కంచు గొంతావిడ అందరికన్నా ముందు నిలబడి ఉంది. "తక్కువ సిమెంటు పోసి, ఇప్పుడు బరువులని నాటకాలా? ముందు పగలగొట్టి మళ్ళీ పొయ్యండి. మేం ఒక్క బస్తా ముట్టుకోం" అంది. ఈఈ గారు నా వైపు చూశారు. కారణం చెబితే మేస్త్రి గారి పరువు పోతుంది. చెప్పకపోతే వంతెన పోతుంది. 

"ఆళ్ళు తక్కువెయ్యలేదు. నేనే ఎక్కువేశాను."

జనం వెనక్కి తిరిగారు. మేస్త్రి గారు తడి బిందె కింద పెట్టి నిలబడి ఉన్నారు. నీళ్ళలో బెల్లం వేశానని, సున్నం పనిలో లాగే మేలు చేస్తుందనుకున్నానని, శ్లాబు మెత్తబడింది తన వల్లేనని, ఒక్కో ముక్కా అందరికీ వినపడేలా చెప్పారు. తన ఇల్లాలి పేరు ఎత్తలేదు.  నాకు కళ్ళు చెమర్చాయి.

కంచు గొంతావిడ ఆయన దగ్గరికి నడిచింది. కొడుతుందేమోనని నిజంగా భయపడ్డాను.

"అయితే మావా, ఆ బెల్లం నీళ్ళు మా నెత్తి మీదే మోయించావా?"

"ఆయ్. మీరు నీళ్ళు పోసి ఎల్లాక బెల్లం ఏసేవోణ్ణి."

ఆవిడ పెదవులు వణికాయి. ఏడుపనుకున్నాను. పగలబడి నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. కాంట్రాక్టరు వైపు తిరిగి, "తప్పుగా అన్నాం బాబూ, ఏవనుకోకండి" అంది. తర్వాత మగవాళ్ళ మీద విరుచుకుపడింది. "ఏంటా చూడ్డం? ఎత్తండి బస్తాలు!"

నేను కాలువలోకి దిగాను. శ్లాబు కింద చిన్న మంచె మీద గడియారం లాంటి మీటరు పెట్టాం. శ్లాబు ఏ కొంచెం కిందికి వంగినా దాని ముల్లు కదులుతుంది. దాన్ని చదవడం నా పని. పైన బస్తా పడినప్పుడల్లా దబ్బుమని చప్పుడు, పొట్టు రాలడం. ఇంతలో మేస్త్రి గారు గట్టు దిగి తడుముకుంటూ నా పక్కకి వచ్చి కూర్చున్నారు.

"మీరు పైకి వెళ్ళండి. ఇక్కడ ఉండకూడదు" అన్నాను.

"నేనేసిన బెల్లం కింద మిమ్మల్నొక్కర్నే ఎట్టా కూకోబెట్టమంటారమ్మా?" అన్నారాయన. గట్టు మీద నుంచి ఈఈ గారు "ఎవరది కింద?" అని అరిచారు. నేను వినపడనట్టు ఊరుకున్నాను.

ముల్లు కదిలింది. ఆయనకి కనపడదు కనుక ప్రతి రీడింగూ పైకి చెబుతున్నాను. ఆ అంకెలు ఆయనకి అర్థం కావు, నా గొంతే ఆయనకి మీటరు. "ఏవంటంది?" అని అడుగుతున్నారు. "దిగుతోందండి... దిగుతోంది... కొంచెమేనండి." ఆఖరి వరస బస్తాలు పడ్డాయి. ముల్లు ఇంకాస్త జరిగింది.  తర్వాత ముల్లు అక్కడే నిలబడింది. ఎంత చూసినా కదల్లేదు.

"ఆగిందండి" అన్నాను.

ఆయన చెయ్యి పైకెత్తి శ్లాబు అడుగుని తాకారు. 

పరీక్ష అక్కడితో అయిపోదు. ఆ బరువు మర్నాటిదాకా ఉంచాలి, తీసేశాక శ్లాబు మళ్ళీ పైకి లేవాలి. వంగినది తిరిగి లేచిందంటేనే లోపల ప్రాణం ఉన్నట్టు. మర్నాడు బస్తాలు దించారు. బరువు తగ్గేకొద్దీ ముల్లు వెనక్కి నడిచింది. ఇంకో రోజు ఆగి చూస్తే, బయల్దేరిన చోటికి దాదాపుగా వచ్చేసింది. ఈఈ గారు బూట్లు విప్పి బురదలో దిగి, కళ్ళజోడు పెట్టుకుని తనే చూశారు. "పాస్" అన్నారు. గట్టు ఎక్కబోతూ ఆగి, గొంతు తగ్గించి, "అది సరే గానీ, బెల్లం పడితే సిమెంటు అలా ఎందుకయిందంటావమ్మా?" అని అడిగారు. మా ఈఈ గారి నోట ఎందుకన్న మాట వినడం అదే మొదటిసారి.

కొద్ది రోజులకే కాలువకి నీళ్ళు వదిలారు. పెద్ద రైతు ధాన్యం ఒక్క గింజ తడవలేదు.

మేస్త్రి గారు ఆ తర్వాత కొన్నేళ్ళు బతికారు. పోయారని కబురొస్తే వెళ్ళాను. కాలువ నిండుగా పారుతోంది. పేటవాళ్ళు ఆయన పెట్టెని భుజాల మీద పెట్టుకుని, పాటలు పాడుకుంటూ, వంతెన మీద నెమ్మదిగా నడిచారు. చూస్తుంటే దుఃఖమూ తృప్తీ రెండూ ఒకేసారి వచ్చాయి. కంచు గొంతావిడ నా పక్కనే నడుస్తూ, "మావ తడవకుండా ఎల్లిపోతన్నాడండి" అంది.

ఇక నేను ఇన్నాళ్ళూ చెప్పకుండా ఆపుకున్న సంగతి. పరీక్షైన మరుసటి ఎండాకాలం అటు వేరే పని మీద వెళ్తూ, కాంక్రీటు మీద ఆనించి గట్టితనం చూసే సుత్తి ఒకటి సంచిలో వేసుకెళ్ళాను. ఎవరూ అడగలేదు, నా దురద అది. ఊరి వైపు శ్లాబు మీద చూశాను. పేట వైపు చూశాను. నమ్మకం కుదరక మళ్ళీ చూశాను. పేట వైపు శ్లాబే గట్టిగా ఉంది. ఆలస్యంగా బిగుసుకోవడం మేలు చేసిందో, మేస్త్రి గారు ఆపకుండా పోసిన నీళ్ళు మేలు చేశాయో ఇప్పటికీ నాకు తెలియదు. తెలుసుకోవాలని మాత్రం ఉంది.

పట్టలేని సంతోషంతో అరుగు దగ్గరికి పరిగెత్తాను. "మేస్త్రి గారూ, మీ వైపు శ్లాబే ఎక్కువ గట్టిగా ఉందండి!"

ఆయన మీసాల చాటున మెల్లగా నవ్వారు. తర్వాత అటూ ఇటూ ఎవరూ లేరు కదా అని చెవొగ్గి విని, నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎవరికీ చెప్పకండమ్మా. మళ్ళీ ఎవడో ఒకడు బెల్లం పోసేత్తాడు."